అరగంట బేరం

నిప్పుతో బేరమాడి అరగంట తగ్గించిన మొనగాడు కాశీబుగ్గలో నేనొక్కడినే. కొట్లో పుట్టి, తక్కెడ పక్కన పెరిగినవాణ్ణి. అడిగిన ధర ఇచ్చేసి వస్తే, జ్వరమేమోనని మా అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి చూసేది.

జీడిపప్పు ఫ్యాక్టరీలో మేనేజరునయ్యాక, వెల్డింగుకు అనుమతి కాగితం రాసే పని కూడా నాకే వచ్చింది. నియమం చిన్నదే. ముందు చుట్టుపక్కల జీడితొక్కలు తీయించాలి. పనయ్యాక ఒక మనిషి నీళ్ల బకెట్లతో గంటసేపు అక్కడే కాపలా కూర్చోవాలి. తొక్కలో నూనె ఉంటుంది. రవ్వ పడితే పైకి కనబడకుండా లోలోపలే రాజుకుంటుంది.

ఆ రోజు బాయిలరు దగ్గర గొట్టం అతికించారు. పూండి వైపు నుంచి వచ్చే ఒకామెను కాపలా పెట్టాను. పప్పు ఒలవడంలో ఆమె వేళ్లకు సాటి లేదు. అరగంట కాగానే సరుకు ఎత్తాల్సిన లారీ వచ్చి నిలబడింది. ఒలవాల్సిన పప్పు ఇంకా మిగిలే ఉంది.

"లెగు అప్పా, పప్పుకాడికి రా," అన్నాను. మా వైపు అప్ప అంటే అక్క.

"గంట కూకోమన్నారు గదా బావూ?"

"గంటనేది సెప్పే రేటప్పా. ఇచ్చేది అరగంటే."

సామాన్లు సర్దుకుంటున్న వెల్డరు నవ్వాడు. "నిప్పుకాడ కూడా బేరవేటి బావూ? అదేటి, తగ్గించి ఇత్తాదేటి?"

"అడగందే ఎవుడిత్తాడు?" అన్నాను. అందరం నవ్వాం. ఆమె లేచి వచ్చింది.

కాసేపటికి గొట్టం వెనక, నేను తీయించకుండా వదిలేసిన తొక్కల బస్తా అంటుకుంది. కాపలా తనది కదా అని అందరికంటే ముందు ఆమే పరుగెత్తి, దాన్ని చేత్తో బయటికి లాగేసింది. ఫ్యాక్టరీ మిగిలింది. కాగిన తొక్కనూనె ఆమె కుడిచేతికి పట్టేసింది.

టెక్కలి ఆసుపత్రిలో యజమాని, "కాపలా ఒదిలీసి ఎందుకెల్లావు?" అని ఆమెను అడిగాడు.

"నానే లెగిసొచ్చీసినాను బావూ. తప్పు నాదే," అంది, నా వైపు చూడకుండా.

ఆయనకు నిజం చెప్పడానికి నాకు వారం పట్టింది.

ఇక లెక్క. మిగిలింది అరగంట, లారీ ఎలాగూ మర్నాడే కదిలింది. పోయింది ఆమె ఒలుపు. రెండు వేళ్లు ఇప్పటికీ వంగవు. ఆ వారమంతా తోటివాళ్ల దగ్గర ఆమె పడిన మాటలు కూడా నా పద్దే. ఇప్పుడు పాత కూలి తగ్గకుండా కాపలా పని ఇప్పించాను. ఎక్కడ వెల్డింగు జరిగినా ఆమె గంట నిండేదాకా కూర్చుంటుంది, నేను లెమ్మన్నా లేవదు. అది నా మంచితనమని అందరూ అంటారు. కాదు. అప్పు అసలు అలాగే ఉంది, ఈ పని వడ్డీకైనా చాలదు.