తాడుకి అవతలి అమ్మ

మా నాన్నగారికి తెనాలిలో బట్టల కొట్టు ఉండేది. దేన్నీ బేరమాడకుండా వదలని గుణం నాకు అక్కడే అబ్బింది. నిరుడు సీమంతం ఫోటోల కోసం మిషిగన్ సరస్సు ఒడ్డుకి వెళ్ళినప్పుడూ అది నన్ను వదల్లేదు. మా ఆవిడ సుధకి అప్పుడు ఎనిమిదో నెల.

ఒడ్డున అందమైన చోటు చూసి మరీ తాడు కట్టేశారు. కాపలా ఉన్న వాలంటీర్ వరంగల్ నుంచి ఎం.ఎస్.కి వచ్చిన అమ్మాయి.

"లోపలికి పోవద్దన్నా. ఇసుకల పిట్టలు గుడ్లు పెట్టినయ్. మనుషులు తిరిగితే వదిలేసి పోతయ్."

"పది నిమిషాలు, తల్లీ."

"ఒక్క నిమిషం గూడ కుదరదు."

"పోనీ, ఒక్క ఫోటో!" అంటూనే ఒక కాలు తాడు దాటించాను.

అంతే, పిచ్చుకంత పిట్ట ఒకటి నా ముందు కూలబడి, రెక్క ఈడ్చుకుంటూ తాడు బయటికి పాకింది.

"ఏమండీ, తొక్కేశారా?" అని సుధ కేకేసింది.

ఎత్తుకుందామని వంగినకొద్దీ అది ఇంకాస్త ముందుకి పాకింది. అలా చాలా దూరం తిప్పి, ఠక్కున ఎగిరిపోయింది!

ఆ అమ్మాయి నవ్వింది. "దానికేం కాలేదన్నా. గుడ్ల కాడ్నించి మిమ్మల్ని దూరం తీస్కపోనీకి యాక్టింగ్ చేసింది."

కొట్టులో పుట్టి పెరిగిన నన్నే బోల్తా కొట్టించింది! సుధ మాత్రం నవ్వలేదు. పొట్ట మీద చెయ్యి వేసుకుని, "ఇవతల నుంచే తీయండి. నేనైనా అలాగే చేసేదాన్ని" అంది.

ఆ ఫోటో మా హాల్లో ఉంది. సుధ వెనక తాడు, తాడు వెనక ఇసుకలో చిన్న చుక్క, గుడ్ల దగ్గరికి తిరిగొచ్చిన ఆ పిట్ట. ఆ చుక్కని మా పాపకి చూపించి, నన్ను బేరంలో ఓడించిన మొదటి అమ్మ అదేనని చెబుతుంటాను. పాపని ఎత్తుకున్న రెండో అమ్మ నవ్వుతుంది.