చెప్పులు మరిచిన మట్టల ఆదివారం

నాందేడ్‌లో రైల్వే క్వార్టర్ల పక్కన మా తెలుగువాళ్ల చిన్న చర్చి ఉండేది. వజీరాబాద్ వైపు మరాఠీవాళ్ల పెద్ద చర్చి. రెండూ నిజాం కాలం నాటి రాతి కట్టడాలే. మధ్యలో పావుగంట నడక. ఏడాదికోసారి, ఎండలు ముదిరే వేళ ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు, ఈతమట్టలు పట్టుకుని పాడుకుంటూ మేమే అక్కడికి వెళ్లి ఆరాధన కలిసి చేసుకునేవాళ్లం.

డెబ్బైల మొదట్లో, నేను పెళ్లయి నిజామాబాద్ నుంచి వచ్చిన నాలుగో నెలలో, ముందు నడుస్తూ పాట ఎత్తే పని మామయ్య నాకు అప్పజెప్పారు. నాకు పాటంటే ప్రాణం. అత్తమ్మకు మాత్రం నచ్చలేదు.

"కొత్తకోడలికి గంత ముందట నడిచే పనేంది? ఏమన్న తప్పు జేసిందో, పాట పుస్తకం పెట్టెల పెట్టి తాళమేస్త," అంది. అన్నంత పనీ చేసే మనిషి. ఆ వారమంతా పప్పు ఎనుపుతూ కూడా ఆ పాటే పాడుకున్నాను.

మా చర్చిలో చెప్పులు ముందు గుమ్మం దగ్గర విడిచి, లోపల జంపఖానా మీద కూర్చుంటాం. ఆ రోజు ప్రార్థన కాగానే మట్ట ఎత్తి, పాట అందుకుని, ముందు గుమ్మం వైపు తిరగాల్సినదాన్ని కంగారులో పక్క తలుపులోంచి బయటపడ్డాను. అందరూ పాడుతూ నా వెనకే వచ్చేశారు. తారు రోడ్డెక్కాక గానీ తెలియలేదు, అందరివీ ఉత్త కాళ్లేనని. ముందు నుయ్యి, వెనక గొయ్యి. దేవుని పాట నడుమ ఆపొద్దని మా పెద్దల మాట, ముందేమో కాలే తారు.

నిదానంగా సాగాల్సిన పాట కాళ్లు చురుక్కుమన్నకొద్దీ పరుగందుకుంది. మూడో చరణానికి పెళ్లి బ్యాండులా మోగింది. ముసలమ్మలు సైతం గెంతుతున్నారు. టాంగా అతను గుర్రాన్ని పక్కకు లాగి మరీ చూశాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. వెనక అత్తమ్మ "అబ్బ, అబ్బ" అంటుంటే, నా పుస్తకం పెట్టెలో పడ్డట్టే అనుకున్నాను.

పెద్ద చర్చిలో బెంచీలు ఉంటాయి, వాళ్లు బూట్లతోనే కూర్చుంటారు. గుమ్మంలో నిలబడ్డ పాస్టరుగారు మా కాళ్లు చూసి చేతులు జోడించారు. "హీ తుమచీ పద్ధత్ ఆహే కా?" ఇది మీ పద్ధతా అని భక్తిగా అడిగారు. అత్తమ్మ కందిన కాళ్లను చీర కుచ్చిళ్ల కింద దాచుకుంది.

"హో, హో. ఆమ్చ్యా సునేనే ఆణలీ," మా కోడలు తెచ్చిందని చెప్పింది.

పాస్టరుగారు వంగి బూట్లు విప్పారు. ఆయన్ని చూసి అందరూ విప్పారు. కొందరి మేజోళ్ల చిరుగులు కూడా బయటపడ్డాయి.

ఇంటికొచ్చాక అత్తమ్మ తన కాళ్లకు వెన్న రాసుకుని, గిన్నె నా వైపు జరిపింది. తర్వాత లేచి పాట పుస్తకం పెట్టెలో పెట్టి తాళం వేసింది. ఏడాదంతా గిన్నెలు తోముతూ కూనిరాగాలతో సరిపెట్టుకున్నాను.

మరుసటి ఏడు మట్టల ఆదివారం నాడు ప్రార్థన కాగానే, అందరితోపాటు నేనూ బుద్ధిగా ముందు గుమ్మం వైపు నడిచాను. అత్తమ్మ రెక్క పట్టుకుని ఆపింది.

"అటెటు పోతున్నవే? మన పద్ధతి మర్సినవా?"

పక్క తలుపు తనే బార్లా తీసి, కొంగు కింద నుంచి నా పాట పుస్తకం తీసి చేతిలో పెట్టింది. కాళ్లు కాలతాయని తెలిసీ అంత సంతోషంగా నేనెన్నడూ రోడ్డెక్కలేదు.