సొంతింటికి ఒక్కరోజు అద్దె

జావాలోని సోలో ఊళ్ళో బట్టల బజారు వెనక సందులో వర్సిని ఒక ఇల్లు కొన్నది. కొన్నాక మొదటిసారి లోపల అడుగుపెట్టిన రోజున, ఆ ఇంట్లో అద్దెకున్న మర్దియా ఆమెకు ఎదురొచ్చి, కూర్చోబెట్టి, టీ ఇచ్చింది.

"ఇల్లు వెతుక్కోడానికి ఇబ్బంది పడలేదు కదా వదినా?"

నా ఇంటికి నేను రావడానికి ఇబ్బందేమిటి అన్న మాట వర్సిని నాలుక చివరిదాకా వచ్చి, టీతో పాటు లోపలికి వెళ్ళిపోయింది. కూర్చున్నది కూడా ఎవరిదో సోఫా మీద. మర్దియా మొగుడు సర్బిని సోఫాలు బాగుచేస్తాడు. ముందుగది నిండా పొట్ట చీల్చిన సోఫాలే.

అద్దెవాళ్ళతో సహా ఇల్లు కొనడం ఇక్కడ వింతేమీ కాదు. ఏడాది అద్దె ఒకేసారి ముందే కట్టేస్తారు. ఇల్లు చేతులు మారినా గడువు తీరేదాకా లోపలున్నవాళ్ళని కదపకూడదు. పాత యజమాని అద్దె పుచ్చుకుని, ఇల్లమ్మి, సుమత్రా వెళ్ళిపోయాడు. రిజిస్ట్రేషన్ నాడు నోటరీ ఈ సంగతి చదివి వినిపించాడు కూడా. వర్సిని వినలేదు. సంతకం ఎంత పెద్దగా పెట్టవచ్చా అని ఆలోచిస్తూ కూర్చుంది.

"కొన్నాళ్ళు ఓపిక పట్టు" అన్నారు అందరూ. ఓర్పు గొప్ప గుణమని చెప్పేవాళ్ళంతా మామూలుగా సొంత ఇళ్ళలో ఉన్నవాళ్ళే.

వర్సిని తెల్లవారకముందే కొబ్బరిపాలతో అన్నం వండి, బజారు మొగలో అరిటాకు పొట్లాలు కట్టి అమ్ముతుంది. భర్త గియోనో రిక్షా తొక్కుతాడు. పెళ్ళయినప్పటి నుంచీ వాళ్ళది అద్దె బతుకే. కూతురు లింతాంగ్ కడుపులో ఉన్నప్పుడు పెద్దవాళ్ళు తలా ఒక చెంబు నీళ్ళు పోసి దీవించే ఏడో నెల స్నానం ఇంటివాళ్ళ పెరట్లో చేయవలసి వచ్చింది. ఇంటావిడ నడుం మీద చేయి పెట్టుకుని, ఎన్ని చెంబులు పోస్తున్నారో పైకే లెక్కపెట్టింది. పోసేవాళ్ళు భయపడి సగం సగం చెంబులు పోశారు. సగం తడిసిన జుట్టుతో లోపలికి వెళ్ళిన సంగతి వర్సిని ఇంతవరకూ మరిచిపోలేదు.

ఇప్పుడు ఆ లింతాంగే కడుపుతో ఉంది, అయిదో నెల. ఏడో నెల స్నానం తొలిచూలుకే చేస్తారు, మళ్ళీ రాదు. అది తన పెరట్లో, తన బావి దగ్గర, ఎవరి మొహమూ చూడకుండా చేయాలన్నదే వర్సిని పంతం. అద్దె గడువు తీరేది బిడ్డ పుట్టాక. అంటే వీళ్ళను ముందే పంపాలి.

సూటిగా అడగడం జావావాళ్ళకు చేతకాదు. చేతకాకపోవడానికే సంస్కారం అని పేరు పెట్టుకున్నాం. కాబట్టి వర్సిని ప్రతి ఆదివారమూ గిన్నెడు అన్నం పట్టుకుని వెళ్ళడం మొదలుపెట్టింది.

"పక్క వీధిలో ఒక ఇల్లు ఖాళీ అయిందట. గాలి బాగా వస్తుందట" అంది ఒక వారం.

"అలాగా వదినా. ఎవరో అదృష్టవంతులు."

"సోఫాల పనికి కాస్త విశాలమైన చోటుండాలి, పాపం" అంది మరో వారం.

"ఈ ఇల్లే మాకు కలిసొచ్చింది వదినా. పనికి లోటు లేదు."

ఖాళీ గిన్నె పంపడం మర్యాద కాదు గనక మర్దియా ప్రతిసారీ దాని నిండా వేయించిన అరటిపళ్ళు పెట్టిచ్చేది. వర్సిని అవి మోసుకుంటూ తన అద్దె గదికి తిరిగొచ్చేది.

"నువ్వు ఇల్లు కొన్నావనుకున్నానే" అన్నాడు గియోనో, పండు నములుతూ. "అరటిపళ్ళ ఖాతా తెరిచావన్నమాట."

"నోరు మూసుకుని తిను."

"మూసుకుని ఎలా తినను?"

ఆరో నెల దాటింది. ఆ ఆదివారం లింతాంగ్ కూడా వెంట వెళ్ళింది. అమ్మ గాలి గురించీ, వెలుతురు గురించీ, పక్క వీధి గురించీ మాట్లాడుతుంటే సోఫాలో ఇటూ అటూ కదిలింది. స్ప్రింగు గుచ్చుకుంటోంది, నడుం లాగుతోంది, ఓపిక అయిపోయింది.

"అత్తా, అమ్మకి కావలసింది గాలి కాదు. నా ఏడో నెల స్నానం మీ బావి దగ్గర చేయించాలట. అంతే."

గదిలో అందరూ నేలకేసి చూశారు. సర్బిని సుత్తి కింద పెట్టాడు.

"ఇంతేనా?" అంది మర్దియా. "ఇన్ని వారాలుగా నువ్వు మమ్మల్ని ఖాళీ చేయించడానికే వస్తున్నావని నాకు అన్నం సహించడం లేదు. ఈయన కొత్త సోఫాలు ఒప్పుకోవడం మానేశాడు."

"అయ్యో, ఖాళీ చేయించడమేమిటి?" అంది వర్సిని. అచ్చంగా అందుకే వచ్చేది. ఆ అబద్ధం ఆడేటప్పుడు ఆమె ముఖం ఎంత ప్రశాంతంగా ఉందంటే, కూతురు అమ్మకేసి కొత్తగా చూసింది.

మర్దియా వెంటనే తేరుకుంది. భయం పోయేసరికి ఆమెలోని బేరగత్తె లేచి కూర్చుంది.

"సరే. కానీ గడువు తీరేదాకా ఇల్లు నాది. ఒక్కరోజు నీకు అద్దెకిస్తాను. అద్దెలో మటుకు తగ్గను."

"నా ఇల్లు నాకే అద్దెకా! ఏమిస్తే వదుల్తావు?"

"మొదటి చెంబు నేను పోస్తాను. మనవల్ని ఎత్తినదాన్ని, అర్హత ఉంది."

"మొదటిది తల్లిది. అది నేనివ్వను."

"రెండోది?"

"వియ్యపురాలిది. ఆవిడ అసలే అలిగే మనిషి. మూడోది తీసుకో."

"మూడోదీ, నాకు నచ్చినంత పెద్ద చెంబూ."

"నీకు నచ్చితే బిందె తెచ్చుకో" అంది వర్సిని.

వేడుక నాటికి ఏడు చోట్ల నుంచి నీళ్ళు తెచ్చారు. మొదటిది ఆ ఇంటి బావిదే. మల్లెలూ గులాబీలూ వేశారు. వర్సిని పోసింది, వియ్యపురాలు అలగకుండా పోసింది. మూడోసారి మర్దియా నిజంగానే బిందె ఎత్తింది. లింతాంగ్ ఉక్కిరిబిక్కిరై నవ్వింది. నీళ్ళు పెరడంతా పారి, ముందుగదిలోకి వచ్చి, సోఫాల కాళ్ళు తడిపాయి. సర్బిని ఒక్కొక్క సోఫా కిందా ఇటుకలు పెడుతూ పరుగులు తీశాడు. వర్సిని ఇంకో బిందె తోడించింది.

తరవాత ఏడు బట్టలు ఒకటి తరవాత ఒకటి కట్టి చూపించారు. మొదటి ఆరు బట్టలకీ ఆడవాళ్ళంతా "కుదరలేదు, ఇంకా కుదరలేదు" అని అరవాలి, అదే పద్ధతి. ఖరీదైన పట్టు చూపించినప్పుడు మర్దియా గొంతు అందరికంటే పైన వినిపించింది: "కర్టెన్‌లా ఉంది, తీసెయ్యండి." ఆ పట్టు తెచ్చినది వియ్యపురాలు. వర్సిని నవ్వు ఆపుకోడానికి బావి వైపు తిరిగింది. ఏడోది చవక చారల నేత బట్ట. దానికి అందరూ ఒక్క గొంతుతో "కుదిరింది" అన్నారు. ఆనవాయితీ ప్రకారం లింతాంగ్ కొబ్బరిపాల పానకం అమ్మింది, అందరూ మట్టిపెంకులు డబ్బుగా ఇచ్చి కొనుక్కుని తాగారు. గియోనో మూడుసార్లు కొన్నాడు.

మధ్యాహ్నానికి జనం పలచబడ్డారు. ముందురోజంతా వండిన మనిషి వర్సిని. ఒక్క నిమిషం నడుం వాలుస్తానని సోఫా మీద ఒరిగి, నోరు తెరుచుకుని నిద్రపోయింది. గియోనో రిక్షా తెచ్చి లేపబోతే మర్దియా చేయి అడ్డం పెట్టింది.

"ఎక్కడికి తీసుకెళ్తావు? ఉన్నది ఇంట్లోనేగా."

సాయంత్రం ఆ సోఫా గలాయన వచ్చాడు. బాగైంది కదా, బండి కూడా తెచ్చుకున్నానన్నాడు.

"రేపు రండి" అంది మర్దియా, గొంతు తగ్గించి. "ఇంటావిడ పడుకుంది."