కొంగల గోల మాటున

నా చిన్నప్పుడు కొంగల రెట్ట కంపు తగిలితే చాలు, పావడా అంచు ముక్కుకు అడ్డం పెట్టుకుని పరుగెత్తేదాన్ని. వాడపల్లికి ఎగువన, కృష్ణ ఒడ్డున, మా ఊరి పొలిమేరలో ఒక తుమ్మడవి ఉండేది. వానాకాలం వస్తే ఆ ముళ్ళచెట్ల నిండా కొంగలు గూళ్ళు కట్టేవి. గొర్రెలవాళ్ళు కూడా అటు వెళ్ళేవారు కాదు. అలాంటి చోట మేము రోజుల తరబడి దాక్కోవలసి వచ్చింది.

నిజాం రాజ్యం ముగియబోతున్న కాలం అది. మిర్యాలగూడ చుట్టుపక్కల ఊళ్ళ మీద తుపాకులవాళ్ళు పడి ఇళ్ళు తగలబెడుతున్నారు. జనం పుట్టి అనే గుండ్రటి పడవెక్కి అవతలి ఒడ్డుకు పారిపోయేవారు. మేము రేవు చేరేసరికి కృష్ణ పొంగింది, పుట్టివాడు పుట్టిని గట్టు మీదికి లాగేశాడు. ముందు వరద, వెనక తుపాకులు. మా ఇంటివాళ్ళమూ పక్కింటివాళ్ళూ ఆ ముళ్ళ మధ్య ఇరుక్కుపోయాం.

కూర్చుంటే ముల్లు, లేస్తే ముల్లు. పొగ కనబడుతుందని పొయ్యి వెలిగించలేదు. అన్నిటికంటే అమ్మ చంకలోని తమ్ముడి ఏడుపుకే భయపడ్డాం. తిండి లేక అమ్మకు పాలు తగ్గాయి, వాడు ఆకలికి గుక్కపట్టేవాడు. పక్కింటి పెద్దాయన అమ్మ మొహం చూడకుండా, "బిడ్డను తీస్కొని జర దూరం పొమ్మనుర్రి. ఒక్కని కోసం అందరం సస్తమా?" అన్నాడు. ఎవరూ ఆయన్ని కసరలేదు. నాయన తల వంచుకున్నాడు. ఆ రోజు నాయన మీద వచ్చిన కోపం నాకు చాన్నాళ్ళు పోలేదు.

మా నాయనమ్మ లేచి, అమ్మ రెక్క పట్టుకుని అడవి నడిమికి, గూళ్ళు దట్టంగా ఉన్న చెట్ల కిందికి నడిపించింది. నేనూ వెంట వెళ్ళాను. కొంగపిల్లల గోలకు చెవులు గింగిర్లెత్తాయి. తల్లి కొంగ చేపతో వాలిందంటే ఇక చెప్పనక్కర్లేదు.

"ఈడ ఏడ్వనియ్యి బిడ్డా. వీటి లొల్లిల మనోని ఏడుపు ఎవనికి ఇనబడతది?" అంది అమ్మతో.

మా వైపు పొలంలో గుడిసె వేసినా, గొర్రెలమంద ఆపినా ముందు ముళ్ళకంప కొట్టి చుట్టూ దడి కడతారు. సిగ్గుపడ్డాడో ఏమో, నాయన కూడా తల్లీబిడ్డల చుట్టూ దడి కడదామని గొడ్డలి పట్టుకుని వచ్చాడు. చిన్నాయనకేమో ఆకలి. గూళ్ళు దులుపుతానని పొడుగు కర్ర తెచ్చాడు. నాయనమ్మ ఇద్దరినీ ఆపింది. "కొమ్మ కదిల్తే కొంగలు లేస్తయి. మొగులు నిండ కొంగలు లేస్తే మనం గీడున్నమని డప్పు కొట్టినట్టే" అంది. గొడ్డలినీ కర్రనూ లాక్కుని వాటి మీదే కూర్చుంది. అందరం ఆమె వెనకే ఆ చెట్ల కిందికి చేరాం. వంగి, మెల్లగా, చేతులు పైకెత్తకుండా తిరగడం నేర్చుకున్నాం. నెత్తిన రెట్ట పడినా కిక్కురుమనలేదు. కొంగలు మాకు అలవాటుపడిపోయాయి.

ఒక పొద్దున అడవి అంచున గుర్రాలు ఆగిన చప్పుడైంది. సరిగ్గా అప్పుడే తమ్ముడు గుక్కపట్టాడు. అమ్మ చెయ్యి వాడి నోటి మీదికి వెళ్ళింది. ముక్కూ నోరూ కలిపి మూసింది. నాయనమ్మ వంగి ఆ చేతిని గట్టిగా లాగేసింది. వాడు కేరుమన్నాడు. పైన కొంగపిల్లలు అంతకంటే గట్టిగా అరిచాయి.

"లోపట ఎవలన్న ఉన్నరా?" అన్నాడొకడు.

"మనుషులుంటే కొంగలు గట్ల కూసుంటయారా? చలో" అన్నాడు ఇంకొకడు.

గుర్రాలు వెళ్ళిపోయాయి. పక్కింటి పెద్దాయన వచ్చి తమ్ముణ్ణి ఎత్తుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

వరద తీసింది, రాజ్యం మారింది, ఊరు చేరుకున్నాం. తర్వాత సాగర్ కాలువ నీళ్ళొచ్చి అందరూ కంప కొట్టించి వరి వేశారు. పొలిమేర భూములు పంచుకున్నప్పుడు మా వాటాకు వచ్చిన తుమ్మడవిని నాయన కొట్టనివ్వలేదు, ఆయన తర్వాత తమ్ముడూ కొట్టనివ్వలేదు. కంపు కోసం బంగారంలాంటి పొలం పాడుపెట్టారని ఊరు నవ్వింది. నవ్వనీ. కొంగలు మాత్రం ప్రతి వానాకాలం వస్తున్నాయి.

ఇప్పుడు మా ఇంట్లో పసివాళ్ళు ఏడుపు రాగం ఎత్తుకుంటే నాకు హాయిగా ఉంటుంది. కోడళ్ళు ముద్దుకే అయినా బిడ్డ నోటి మీద చెయ్యి పెట్టారంటే మాత్రం, ఆ చెయ్యి తీసేదాకా నాకు ఊపిరాడదు.