అమ్మ కొలిచిన బండి చక్రం

మొన్న అమ్మ కుట్టుమిషన్ సొరుగు లాగితే మిషన్ నూనె వాసన గుప్పుమంది. అరిగిన బాబిన్లు, సుద్దముక్కలు, అంకెలు సగం చెరిగిపోయిన కొలత టేపు, వాటన్నిటి అడుగున ఒక నీలం ప్లాస్టిక్ ఊలు సూది. దాని మొన వాడిగా లేదు, బండ మీద అరగదీసి పలకగా చేసి ఉంది. మా కోడలు "ఇదేంది అత్తమ్మా, ఇరిగిపోయిందా" అని పారేయబోయింది. నేను లటుక్కున లాక్కున్నాను. బడి గడప తొక్కని మా అమ్మ సంపాదించిన పట్టా అది.

ఎనభైల నాటి మాట. మానుకోటలో రైల్వే స్టేషన్‌కూ మార్కెట్ యార్డుకూ నడుమ మా గల్లీ. మాఘమాసం వచ్చిందంటే యార్డు నిండా ఎర్రటి మిర్చి రాశులు, ఊరంతా ఒకటే ఘాటు, పెళ్ళిళ్ళ బ్యాండు మోతల మధ్య తుమ్ములు. నాయిన యార్డులో దడ్వాయి, అంటే బస్తాలు తూకం వేసే మనిషి. ఆయన అంగీ విప్పి దండెం మీద వేస్తే గచ్చకాయలాడుకుంటున్న మేమంతా ముక్కులు మూసుకొని బయటికి ఉరికేవాళ్ళం. అవే రోజుల్లో అమ్మకు పెళ్ళి జాకెట్ల పని మీద పడేది. పొయ్యి మీద శనగల గుడాలు ఉడుకుతూనే ఉండేవి, మిషన్ గడగడలాడుతూనే ఉండేది. కొత్తగా వచ్చిన ఆడమనిషిని తలుపు దగ్గర చూసి భుజాలు పద్నాలుగు, చేతులు తొమ్మిది అని చెప్పేసి, ఆ తర్వాత టేపు పెట్టేది. టేపు ఎన్నడూ ఆమె మాట కాదనలేదు.

వచ్చిన ప్రతి పెళ్ళికూతురూ సినిమాలో లాంటి చేతులే కావాలనేది. పెళ్ళికి ముందు అమ్మ నేల టికెట్టు కొని, కథ సంగతి వదిలేసి, జాకెట్ల మెడలూ చేతులూ చూసి వచ్చేదట. మేం పుట్టాక టాకీసుకు పోయే తీరిక లేకపోయింది. అందుకే మా గల్లీ చివర ఉండే రైల్వే గార్డు బదిలీ మీద పోతూ తన నలుపుతెలుపు టీవీ అమ్ముతున్నాడని తెలియగానే, నోరు తెరిచి ఏదీ అడగని మనిషి నాయిన వెంటపడి అడిగింది. టీవీ వచ్చింది. చెక్క తలుపుల పెట్టె, నాలుగు కాళ్ళు, ఇంటి మీద ఏంటెనా. వెనక అట్టకు, బొమ్మను సరిచేసే మరలున్న చిన్న రంధ్రాల్లో మాత్రం ఎప్పుడూ ఇనుము పెట్టొద్దని గార్డు మరీమరీ చెప్పిపోయాడు.

మూడో రోజు సాయంత్రం తెలుగు సినిమా. గల్లీ సగం మా ఇంట్లోనే ఉంది. సినిమా మొదలైన కాసేపటికే గుసగుసలు లేచాయి. హీరో కొబ్బరిచెట్టంత పొడుగున్నాడు, హీరోయిన్ నిలబెట్టిన చీపురుపుల్ల. ఎదురింటి ఎల్లవ్వ ఉండబట్టలేక "గీ పిల్లకు తిండి పెడ్తలేరా ఏంది?" అంది. అందరూ నవ్వారు, నాయిన నవ్వలేదు. గార్డు తనకు ఖరాబైన టీవీ అంటగట్టాడని, యార్డంతటికీ తూకం వేసే తానే మోసపోయానని ఆయనకు అవమానం అనిపించింది.

"పొద్దుగాల బండికి గార్డు ఎల్లిపోతడు. అంతకుముందే గీ డబ్బా తిరిగి ఇచ్చేస్త" అన్నాడు, దాన్ని చుట్టడానికి దుప్పటి తెచ్చి పెట్టుకున్నాడు కూడా.

అమ్మ ముఖం చూడలేకపోయాను. సినిమా మధ్యలో వార్తలు వచ్చాయి. అమ్మ కుట్టు ఆపి తెరనే చూస్తూ ఉండి, మెల్లగా అంది.

"జర ఆగు. వార్తలు చదివే సారు మంచిగనే ఉన్నడు. ఆయన ఎనకాల బొమ్మ గుండ్రంగనే ఉన్నది. టీవీ ఖరాబైతే ఆయన గూడ సాగాలె గద."

"మిషిన్ల సంగతి నీకేం ఎరుక?"

"నా మిషిన్ ఎవలు బాగు చేస్తున్నరు?"

చాలా ఏళ్ళ తర్వాత నాకు తెలిసిందేమిటంటే, వెడల్పు తెర సినిమా బొమ్మను రీలు మీద పక్కల నుంచి నొక్కి ఎక్కిస్తారు, హాల్లో ఒక ప్రత్యేకమైన అద్దం దాన్ని మళ్ళీ వెడల్పు చేస్తుంది, ఆ పని జరగకుండానే ఆ బొమ్మ మా ఇంటిదాకా వచ్చింది. ఈ కథంతా తెలియకుండానే మా అమ్మ తప్పు టీవీది కాదు, సినిమాదని పట్టేసింది.

సినిమా మళ్ళీ మొదలైంది. పాటలో ఎడ్లబండి ఆగింది, హీరో దాని చుట్టూ తిరుగుతున్నాడు. అమ్మ లేచి టీవీ గ్లాసు మీద బండి చక్రానికి టేపు పెట్టింది. అడ్డం మూడు అంగుళాలు, నిలువు అయిదు దాటింది. "పొడుగు తగ్గియ్యాలె" అంది, పరికిణీ సంగతి చెప్పినంత మామూలుగా.

నన్ను వెనక్కి పిలిచింది. అప్పుడే ఆరో తరగతిలో ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటున్నదాన్ని. రంధ్రాల మీది రాతలు ఒక్కొక్కటే చదివి, ఒక దగ్గర "హైట్ అంటే ఎత్తు" అన్నాను. ఇనుము వద్దన్నారు కదా, అమ్మ ఎవరికో స్వెటర్ అల్లుతున్న ప్లాస్టిక్ ఊలు సూది తీసి గడప బండ మీద పరపరా అరగదీసింది. గిరాకీలు చూసుకునే నిలువుటద్దాన్ని టీవీకి ఎదురుగా పెట్టించి, తను వెనక కూర్చుని, అద్దంలో బొమ్మ చూసుకుంటూ సూది తిప్పింది. పైనుంచీ కిందినుంచీ నల్లటి పట్టీలు దగ్గరకొచ్చాయి, నడుమ మనుషులు ఒడ్డూపొడుగూ తెచ్చుకున్నారు. చక్రం పూర్తిగా గుండ్రం కాలేదు, కాస్త కోడిగుడ్డు పోలిక మిగిలింది, కానీ హీరోయిన్ నుదుటి బొట్టు బొట్టులా ఉంది, బుట్ట చేతులు బుట్ట చేతుల్లా ఉన్నాయి. ఎల్లవ్వ "ఇగ కడుపునిండ తిన్నది పిల్ల" అంది. నాకు గొప్పగా అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

అంతలో సినిమాలో ఒక నౌకరు వచ్చాడు. "గట్లనే దొరా, గిట్లనే దొరా" అంటూ మా మాట మాట్లాడాడు. అతను నోరు విప్పినప్పుడల్లా తెర మీదివాళ్ళు పడిపడి నవ్వారు. మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు. అమ్మ టీవీ వెనక నుంచి తల తీయకుండానే అడిగింది.

"బిడ్డా, గీ మాటను సక్కగ చూపెట్టే రంధ్రం ఏమన్న ఉన్నదా, సదువు."

నేను నిజంగానే అన్నీ మళ్ళీ చదివి లేదన్నాను.

పొద్దున నాయిన టీవీ తీసుకుపోకుండానే గార్డు దగ్గరికి పోయి, చేతులూపుకుంటూ తిరిగొచ్చాడు. ఏమన్నావని అమ్మ అడిగితే, "టీవీ మంచిగున్నదని చెప్పిన" అన్నాడు. అమ్మ ముందు అంతే. యార్డులో మాత్రం కనబడిన ప్రతి హమాలీతోనూ, "తూకం నేనేస్త గని, కొలత మా ఇంటిదాందే" అన్నాడట. ఆ ఏడాది గల్లీలో మరో నాలుగు టీవీలు వచ్చాయి. వెడల్పు తెర సినిమా పడితే చాలు, అమ్మ మెడలో టేపు వేసుకొని, సూది పట్టుకొని బయలుదేరేది, సినిమా అయ్యాక పోయి ఎత్తు మళ్ళీ సరిచేసేది. ఒకసారి మరిచిపోతే తెల్లారి వార్తల సారు రోలంత పొట్టిగా కనబడ్డాడని ఆ ఇంటివాళ్ళు ఉరికొచ్చారు.

ఇప్పుడు ఆ గల్లీలో అన్నీ మేడలు. అమ్మ లేదు, నాయిన లేడు, చెక్క తలుపుల టీవీ ఏ పాతసామాన్ల బండి ఎక్కిందో తెలియదు. మా హన్మకొండ ఇంట్లో టీవీ గోడకంటుకుని ఉంది, దాని వెనక సూది పెట్టడానికి రంధ్రమే లేదు. మొన్న దాంట్లో ఒక పాత సినిమా వస్తే అందరూ పక్కలకు సాగి లావుగా కనిపించారు, మా ఇంట్లో ఎవరికీ పట్టలేదు. నేను రిమోటు పట్టుకొని ఎక్కడెక్కడో దాచిన మెనూలన్నీ వెతికి, అమ్మ టేపు తెర మీద పెట్టి కొలిచి మరీ సరిచేశాను.

ఆ తర్వాత కోడలు ఒక కొత్త సినిమా పెట్టింది. అందులో కథానాయిక "ఏంది, గిట్ల చూస్తున్నవ్?" అని హీరోను నిలదీసింది. తెర మీద ఎవరూ నవ్వలేదు. హీరో తలదించుకున్నాడు. నేను ఒళ్ళో ఉన్న నీలం సూదిని గట్టిగా పట్టుకున్నాను. నువ్వడిగిన రంధ్రం దొరికిందమ్మా, ఎవరో మనోళ్ళే తిప్పిన్రు.