మా బావ డప్పును తగ్గించేదెవరు?

ఆ రోజుల్లో, అంటే మరీ పాత రోజులేం కాదు, ఇంటికో గాయకుడు, సందుకో స్టూడియో పుట్టుకొచ్చిన కాలంలో, నేను యాభై దాటిన పసివాణ్ణి. నలభై దాటాక రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్నవాడికి యాభై అంటే పదేళ్ళ ప్రాయమే కదా! మిర్యాలగూడ మిల్లులో బస్తాలు మోస్తూ పాడుకున్న పాటనే పెద్దగట్టు జాతర మీదికి తిప్పి రాశాను. ఆ జాతర రెండేళ్ళకోసారి. ఈసారి పాట అందకపోతే మళ్ళీ రెండేళ్ళు ఆగాలి. నేనేమో అప్పటికే మా ఊరు చివ్వెంల అంతా తిరిగి "ఈసారి జాతర మైకు బాక్సులల్ల నా పాటనే మోగుతది, సూస్కోండ్రి" అని చెప్పేశాను. (గొప్పలు చెప్పుకోవడానికి అక్షరాలు అక్కర్లేదు.)

స్టూడియో మా మేనల్లుడిది. సూర్యాపేటలో మోటార్లు చుట్టే దుకాణం మీద రేకుల గది, గోడలకు కోడిగుడ్ల అట్టలు. డప్పు వాళ్ళ నాయినది, అంటే మా అక్క మొగుడిది. చిక్కంతా అక్కడే వచ్చింది. గొంతును, డప్పును, కీబోర్డును వేటి పాళ్ళలో వాటిని కలిపి కోదాడలో ఉండే మాస్టరింగ్ ఆయనకు పంపితే, ఆయన దానికి చివరి మెరుగు పెట్టి ఇస్తాడు. కలపబోతే డప్పు కింద నా గొంతు నలిగిపోతోందని తేలింది. డప్పు తగ్గాలి. తగ్గించేదెవరు? కన్నతండ్రి డప్పును కొడుకు తగ్గించలేడు. ఇంటి ఆడబిడ్డ మొగుణ్ణి నేను తగ్గించలేను. మా ఇంట్లో పెళ్ళికి కూర ఆలస్యంగా వడ్డించారని ఏడాదిపాటు అలిగిన మనిషాయన. "నాయిన గీడనే కూసున్నడు మామా, నువ్వే చెప్పు" అని అల్లుడు నా చెవిలో గొణిగాడు. "నీకేందిరా, కన్నకొడుకువు, రెండు తిట్టి ఊకుంటడు. నన్నయితే గడప తొక్కనియ్యడు" అని నేను వాడి చెవిలో. చివరికి డప్పును ముట్టుకోకుండా మిగతావన్నీ పెంచాం. గొంతు పెంచితే కీబోర్డు చిన్నబోయింది; దాన్నీ పెంచాం. పైన రేకులు గలగలలాడాయి. "గిదీ పాటంటే!" అన్నాడు బావ.

మర్నాడు కోదాడ ఆయన ఫోన్ చేశాడు. "ఇందులో చోటేదండీ? అన్నీ చివరిదాకా పెంచేశారు, పైన కాస్త ఖాళీ వదిలితే కదా నేనేమైనా చేసేది!" మా అల్లుడు తెలివైనవాడు. పాట మొత్తాన్ని ఒక్క మీటతో తగ్గించి మళ్ళీ పంపాడు. "గోడను దూరం జరిపితే కిటికీ అవుతుందాండీ?" అన్నాడాయన. నేను ఫోన్ లాక్కున్నాను. "నువ్వే జర ఆ డప్పు తగ్గియ్యరాదయ్యా! నువ్వయితే మాకు సుట్టం కాదు కదా!"

"కలిపేసిన ముద్దలోంచి ఉప్పు తియ్యమంటే ఎలాగండీ? డప్పు మీ దగ్గరే తగ్గాలి. రేపు సాయంత్రానికి పంపకపోతే జాతరకి ఇవ్వడం నా వల్ల కాదు."

ఏదైనా మొహం మీదే అనేస్తానని నాకు పేరు. ఆ పేరును ఆ పూటకు కొక్కేనికి తగిలించి బావ దగ్గర కూర్చున్నాను. "బావా, నీ డప్పు దెబ్బకు కోదాడాయన మిషన్ తట్టుకుంటలేదట. మస్తు పరేషాన్ల ఉన్నడు."

బావ మీసం కదిలింది. "గా ముచ్చట ముందుగాల చెప్పొద్దా? పాపం, బతుకపోయెటోని మిషన్ ఖరాబు చేసుడెందుకు? జర తగ్గియ్యిరా కొడుకా!"

ఆయన మాట పూర్తికాకముందే వాడు తగ్గించేశాడు. నా గొంతు బస్తా దించుకున్న హమాలీలా ఊపిరి పీల్చుకుంది. కోదాడ ఆయన ఈసారి చివరి మెరుగు పెట్టి పంపేశాడు. (ఆయన తిప్పి పంపకపోవడమే మాకు సన్మానం.)

పాట జాతరకు అందింది. గట్టు కింద బాక్సులవాడు దాన్ని పెట్టి, తన దగ్గరున్న మీటలన్నీ చివరిదాకా తిప్పాడు. మళ్ళీ అదే ముద్ద. నేను రాసిన మాట ఒక్కటీ వినపడలేదు. పక్కన బావ మాత్రం కనబడ్డవాడికల్లా చెబుతున్నాడు: "కోదాడ మిషన్‌ను ఆగం జేసిన డప్పు గిదే!"

ఇప్పుడు బావకు చెవులు మందగించాయి. అప్పుడప్పుడు వచ్చి, ఆ పాట పెట్టమని నా ఫోన్ చెవికి ఆనించుకుంటాడు. పక్కన కూర్చున్న నాకు నా మాటలన్నీ తేటగా వినిపిస్తూనే ఉంటాయి. "నా డప్పు ఇనవడ్తలేదు బామ్మర్దీ, జర పెంచు" అంటాడు. పెంచుతాను. చివరిదాకా పెంచుతాను. ఆయన్ను ఆ ఒక్కసారి తగ్గించింది చాలు.