పత్తి మిల్లులో వేడి చూసే కెమెరా

ఆదిలాబాద్‌లో నేను పనిచేసే జిన్నింగ్ మిల్లుకు మొన్న థర్మల్ కెమెరా వచ్చింది. పత్తి కుప్పల్లో ఎక్కడ వేడెక్కుతోందో, మంట లేవకముందే తెరమీద రంగుల్లో చూపిస్తుంది. ధర లక్షకు దగ్గర కాబట్టి, సూపర్‌వైజర్‌నైన నా చేతికి తప్ప సేటు దాన్ని ఇంకెవరికీ ఇవ్వలేదు. నాకూ కాస్త గొప్పగానే ఉంది.

ఈ రోజు దాన్ని పట్టుకుని నేను ఎటు వెళ్తే అటు, పత్తిలో చెత్త ఏరే ఆడవాళ్లు లేచి పక్కకు పోతున్నారు. పని ఆగుతోందని కసిరాను. వాళ్లలో పెద్దదైన రాజవ్వ మెల్లగా చెప్పింది.

“గా కెమెరాల బట్టల లోపట గూడ కనవడ్తదట గద సారూ.”

పగలబడి నవ్వాను. “వేడి తప్ప ఏం కనవడదవ్వా, సూడు” అంటూ కెమెరాను నేరుగా ఆమె మీదికే తిప్పాను. ఆమె రెండు చేతులూ గుండెలకు అడ్డం పెట్టుకుని అటు తిరిగిపోయింది. నా నవ్వు ఆగిపోయింది.

“ముందుగాల నీ మీద పెట్టుకోని సూపిస్తే అయిపోతుండె గద సారూ” అంది, ఇటు తిరగకుండానే.

రేపు పొద్దున ఆ పనే చేస్తాను. సిగ్గుతో కాలే ముఖం ఆ తెరమీద ఏ రంగులో కనిపిస్తుందో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.